జవాబు రాకపోతే మూడుసార్లు

ఆ మధ్యాహ్నం మా జొన్నచేలో ఉన్నవాళ్లు: గుర్రం మీద వచ్చిన పోలీసు అమీను, జవాన్లు పద్నాలుగు మంది, పంచనామా రాసే గుమాస్తా, పట్వారీ, పంచులుగా పిలిపించిన ముసలివాళ్లు ఇద్దరు, మా బాపు, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, నేను. ఉన్నవి: నాలుగు గుంజల మంచె ఒకటి, దాని కింద గొంగడి, గొంగడి కింద మా అన్న. సొరకాయ బుర్రలో సగం నీళ్లు, గుడ్డలో కట్టిన జొన్నరొట్టె ఒకటిన్నర, జోలెలో గుండ్రాళ్లు పదిహేడు, జనపనారతో పేనిన వడిసెల ఒకటి. తుపాకి లేదు.

లెక్కపెట్టడం నాకు పనిలో వచ్చిన అలవాటు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. పట్నంలో పారిశ్రామిక పాఠశాలలో రెండేళ్లు చదివి, జనగామ స్టేషన్లో సిగ్నళ్ల మరమ్మతు నేర్చుకుంటున్నాను. అక్కడ ఏ పెట్టె విప్పినా ముందు లోపలి సామాన్లు లెక్కపెట్టాలి, మూసేముందు మళ్లీ లెక్కపెట్టాలి. ఒక్క మేకు తేడా వచ్చినా మూయకూడదు. అన్న శవం ముందు కూడా నా కళ్లు ఆ పనే చేశాయి. ఏడుపు తర్వాత వచ్చింది.

గుమాస్తా వడిసెలను కట్టెపుల్లతో పైకెత్తి చూసి, "తాడు ఒకటి" అని రాయబోయాడు.

"తాడు గాదు సాబ్, వడిసెల," అన్నాడు వరుసలో నిలబడ్డ ఒక జవాను. పాతికేళ్లు ఉంటాయేమో. మాటను బట్టి మా దిక్కువాడే.

"అంటే ఏంది?" అన్నాడు అమీను.

"పిట్టల కొట్టెటిది సాబ్. రాయి వెట్టి తిప్పుతరు."

"రాయి వెట్టి కొడతరా. అయితే హత్యారే. హత్యార్ల కింద రాసుకో."

అలా ఆ కాగితంలో మా అన్న దగ్గర ఒక ఆయుధం దొరికింది. బాపు వేలిముద్ర వేశాడు. వేసిన తర్వాత కూడా బొటనవేలు కాగితం మీంచి తీయలేదు. గుమాస్తానే చెయ్యి పట్టుకుని పక్కకు జరిపాడు.

ఆ రోజు నుంచి ఆరేళ్లపాటు ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. అన్న చావుకు కారణం నేను రాసి ఇచ్చిన ఒక నియమమా, కాదా అన్నదే ఆ ప్రశ్న. ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు. నాకు నేనే అడుక్కున్నాను.

మాది నర్మెట్ట దగ్గరి ఊరు. ఏడెకరాల మెట్ట చెల్క, పడమటి దిక్కున వాగు ఒడ్డున మోట బావి, దాని కింద ఇరవై గుంటల వరి. అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. ఎనిమిదో ఏట మంచె ఎక్కాడు. కంకి పాలు పట్టిన దగ్గర నుంచి కోత దాకా, ప్రతి ఏడూ నెలన్నర రోజులు పిట్టల కావలి వాడిదే. వడిసెల తిప్పి ఒక కొసను వదిలితే రాయి ఈల వేసుకుంటూ పోయేది, నార కొస ఛళ్లుమనేది. వాడి రాయి పిట్టకు తగలడం నేను ఎన్నడూ చూడలేదు. గురి కుదరక కాదు. మూరెడు దూరం నుంచి పోనిచ్చేవాడు. గట్టు పక్క సాలు అసలు కాసేవాడే కాదు. "గది వాటి పాలు తమ్మీ. గదిస్తెనే మిగిలింది మనకు విడుస్తయి," అనేవాడు.

నేను చదివింది వాడు చదవకపోవడం వల్ల. బాపు ఇద్దరినీ బడికి పంపలేనంటే అన్నే తేల్చేశాడు: "వాడు మంచె ఎక్కితె కిందవడి కాలిరగ్గొట్టుకుంటడు. చదువుకోనియ్యి బాపు. కూసోని చేసే పని కావాలె వానికి." నేను చిన్నప్పుడు రెండుసార్లు మంచె మీంచి పడ్డ మాట నిజం.

లెవీ ధాన్యం కొలుచుకుపోవడానికి దొర మనుషులు వచ్చిన ఏడు, గుమ్మిలో తిండిగింజలు చాలలేదని అటక మీది విత్తనాల బుట్ట కూడా దింపారు. పురుగు పట్టకుండా బూడిద కలిపి పెట్టిన జొన్నలు అవి. బాపు కాళ్లు పట్టుకున్నాడు. అన్న పట్టుకోలేదు. "బూడిద కలిపినం, తింటె కడుపు నొస్తది," అని మాత్రం అన్నాడు. వాళ్లు నవ్వి బుట్ట బండిలో వేసుకున్నారు. ఆ వారమే అన్న సంఘం మీటింగుకు పోయాడు. నాలుగు నెలలకు దళంలో చేరాడు. భుజాన ఒక పాత భర్మారు తుపాకి వచ్చింది. మందు కూరి, గుండు వేసి, కాల్చాక మళ్లీ మొదటి నుంచి కూరుకోవాల్సిన తుపాకి అది.

మేమున్న చోటికి అప్పుడప్పుడు వచ్చేవాడు. వస్తే పట్టపగలే, తలకు రుమాలు చుట్టి, తుపాకిని చొప్పకట్టలో దాచి, కూలికి వచ్చినవాడిలా వచ్చేవాడు. అవ్వ వాడి తుపాకిని ఇంట్లోకి రానిచ్చేది కాదు.

"గది గడ్డివాములో వెట్టి రా. లేగదూడ బెదురుతది."

"దూడ బెదరదవ్వా, నువ్వే బెదురుతున్నవు."

"బెదురుతున్న. అయితే ఏంది? వెట్టి రా."

వాడు పెట్టి వచ్చేవాడు. సైనికుడిగా వాడు ఎంత ధైర్యంగా ఉండేవాడో నేను చూడలేదు. మా ఇంట్లో మాత్రం రొట్టె తింటూ మధ్యలో లేచి పోయి, ఎద్దు కాడి పుండుకు పసుపు రాసి వచ్చేవాడు. పదిహేను నెలలు అడవుల్లో తిరిగినా వాడి చేతులు రైతు చేతుల్లాగే పని వెతుక్కునేవి.

ఆ ఏడు జొన్న ఈనిన కొత్తలో నేను రెండు రోజుల సెలవు మీద వచ్చాను. యూనియన్ సైన్యాలు రావడానికి ముందటి ఏడు అది. దళం మా బావి దగ్గర ఆగి పోతుండేది. పోలీసులు వస్తే తూర్పున ఉన్న బండ్లబాట మీంచే రావాలి. ఆ బాట పక్కనే మా మంచె. మంచెకూ బావికీ మధ్య నిలువెత్తు జొన్న. మంచె మీంచి బాట కనబడుతుంది, కానీ మంచె మీది మనిషి జొన్న అడ్డం వల్ల బావికీ కనబడడు, బాటకూ కనబడడు. చప్పుడు మాత్రం రెండు దిక్కులకూ వినబడుతుంది.

మంచె మీద కూర్చుని అన్నకు స్టేషన్ సంగతి చెప్పాను. ఒక స్టేషన్‌కూ ఇంకో స్టేషన్‌కూ మధ్య గంటలతో మాట్లాడుకుంటారని, ఇక్కడ ఎన్ని దెబ్బలు కొడితే అక్కడివాడు అన్ని దెబ్బలు తిరిగి కొట్టాలని, తిరిగి కొట్టేదాకా కబురు చేరినట్టు కాదని.

"అంటే నేను నిన్ను తిన్నవా అని అడిగితె, నువ్వు సుత తిన్నవా అనాల్నా?"

"అవునన్నా. గప్పుడే నువ్వడిగింది నాకు వినబడ్డట్టు."

"మరి బువ్వ ఎవడు తింటడు తమ్మీ?"

వాడు ఎగతాళి చేస్తూనే ఉన్నాడు, నేను కాగితం తీసి రాస్తూనే ఉన్నాను. ఒక దెబ్బ అయితే పిట్టలే. రెండైతే కొత్త మనిషి. మూడైతే పోలీసులు. బావి దగ్గరివాళ్లు జవాబు కొట్టలేరు, కొడితే వాళ్ల జాడ తెలుస్తుంది. కాబట్టి అడుగున ఇంకో నియమం రాశాను: జవాబు రాని చోట ప్రతి కబురూ మూడుసార్లు, మధ్యలో ఇరవై ఊపిర్ల ఎడం.

"ఒక్కసారి కొట్టి దుంకుత. సాలదా?"

"వాళ్లకు వినబడకపోతే?"

"మూడుసార్లు కొడితె పోలీసోనికి సుత వినబడదా?"

"వినబడితే ఏంది? పిట్టల కొడుతున్నవనుకుంటడు."

అన్న ఆ మాటకు నవ్వాడు. ఈసారి నన్ను ఏడిపించే నవ్వు కాదు.

"నీ కాయిదంల యాళలు లేవు తమ్మీ. పిట్టకు సుత పనియాళలుంటయి. పొద్దు పొడిచినంక ఒక జాము, పొద్దు గూకేముందు ఒక జాము. ఎండ నడినెత్తికొచ్చినంక అవి నీడపట్టుకు పోతయి. గప్పుడు నేను వడిసెల కొడితె కాకి సుత నవ్వుతది."

నిజమే. పన్నెండేళ్లు ఆ మంచె కింద పెరిగి నాకు ఆ సంగతి తట్టలేదు. కాగితం మీద ఇంకో వరుస గీసి "మధ్యాహ్నం" అని రాశాను. దాని ఎదురుగా ఏం రాయాలో తోచలేదు. మంచె గుంజకు తెల్లగుడ్డ కడితే జొన్న అడ్డం వస్తుంది. పొగ పెడితే మంచె అంటుకుంటుంది. ఖాళీగా వదిలాను.

"మల్ల వచ్చినప్పుడు నింపుదువు తియ్యి," అన్నాడు అన్న. వాడికి చదువు రాదు. నేను రెండుసార్లు చదివి వినిపిస్తే మూడోసారి తప్పు లేకుండా అప్పజెప్పాడు. కాగితం పొయ్యిలో వేయించాడు.

తర్వాతి సెలవుకు నేను వచ్చేసరికి దళం మానుకోట దిక్కు పోయింది. ఆ తర్వాతి సెలవుకు వచ్చేసరికి బావి దగ్గరే ఉంది. వాళ్లలో ఒకాయనకు తొడలో గుండు దిగింది. డోలీలో మోసుకుని భూపాలపల్లి అడవికి చేర్చాలని చూస్తున్నారు. అవ్వ పొద్దున్నే అంబలి, రొట్టెలు బావి దగ్గర దించి వచ్చింది. నేను వాళ్ల దగ్గరికి పోలేదు. ఉద్యోగస్థుణ్ణి, మొహాలు చూడకపోవడమే మేలని అన్నే చెప్పి పంపాడు. రాత్రికి వాళ్లు కదులుతారు, సాయంత్రం మంచె మీద కూర్చుని ఆ ఖాళీ వరుస నింపుదాం అనుకున్నాను.

ఎండ నడినెత్తిన ఉంది. నేను వాకిట్లో కూర్చుని అవ్వ లాంతరు విప్పాను. బాపు అన్నం తింటున్నాడు. తూర్పు దిక్కు నుంచి వడిసెల మోగింది. ఒకటి, రెండు, మూడు. బాపు ముద్ద నోటి దగ్గరే ఆగింది. నేను ఊపిర్లు లెక్కపెట్టాను. ఇరవై. నాలుగు, అయిదు, ఆరు. లేచి పరుగెత్తాను. ఊరి చివరి దాకా వచ్చేసరికి ఏడు, ఎనిమిది వినబడ్డాయి. తర్వాత తొమ్మిది. దాని వెనకే తుపాకి.

పంచనామా అయ్యాక అమీను మనుషులను వెంటబెట్టుకుని బావి దిక్కు పోయాడు. అక్కడ వాళ్లకు తడి గట్టు, ఎడ్లు, ఆగిపోయిన మోట దొరికాయి. మనుషులు దొరకలేదు. శవం దగ్గర కావలికి ఆ వడిసెల మాట చెప్పిన జవానును వదిలిపోయారు. అతను ముందు బావి దిక్కే తిరిగి నిలబడ్డాడు. తర్వాత బాపు దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"బాపూ, నేనూ జొన్న కావలి కాసినోన్నే. బాట మీద వస్తుంటె వడిసెల చప్పుడైంది. 'గీ యాళల పిట్టల కొట్టెటోడెవడు' అని నవ్విన. ఊకెనే అన్న. మా ఊల్లె అయితె ఎవడైనా అంటడు గట్ల. సాబ్ గుర్రం ఆపిండు."

బాపు అతని మొహం కూడా చూడలేదు.

"దిగిపోయినా అయిపోతుండె. మొదటి మూడు దెబ్బలకే దిగి సాళ్లల్ల వడితె మాకు దొరకకపోతుండె. జొన్న నిలువెత్తున్నది. మల్ల కొట్టె. మల్ల కొట్టె. గా చప్పుడు వట్టుకొనే పోయిండ్రు."

బాపు గొంగడి అంచు సర్ది, "మీ తాన జొన్న ఎట్లున్నది?" అని అడిగాడు.

"కాండానికి పురుగు వట్టింది బాపూ," అన్నాడు జవాను. రుమాలుతో మొహం తుడుచుకుని లేచి పోయి మళ్లీ తన చోట నిలబడ్డాడు.

సాయంత్రం చేను గట్టునే అన్నకు నిప్పు పెట్టాం. మంచె గుంజలు నాలుగూ ఆ చితిలోనే వేశాం. అవ్వ ఆ ఏడు మిగిలిన చేనుకు ఎవరినీ కావలి పెట్టనివ్వలేదు.

మొదటి మూడు దెబ్బలకే దిగిపోతే దొరికేవాడు కాదు. ఆ మాట నాకు చెవిలో ఉండిపోయింది. మూడుసార్లు అని రాసింది నేను. మధ్యాహ్నం వరుస ఖాళీగా వదిలింది నేను. ఒక్కసారి చాలదా అని వాడు అడిగితే చాలదన్నది కూడా నేనే. పనిలో ఒక పొరపాటు జరిగితే కాగితం మీద కారణం రాసి పైవాళ్లకు పంపుతాం. ఈ పొరపాటును రాసి ఎవరికి పంపాలో తెలియలేదు. ప్రతి రోజూ స్టేషన్లో గంట మోగేది, జవాబు గంట మోగేది. ఆ రెంటికీ మధ్య ఉండే నాలుగైదు క్షణాలు నాకు కష్టంగా ఉండేవి.

సైన్యాలు వచ్చాయి, రాజ్యం మారింది, తర్వాత దళాలు కూడా తుపాకులు దించాయి. నన్ను మానుకోట స్టేషన్‌కు మార్చారు. అక్కడ ప్లాట్‌ఫారం చివర, సిగ్నల్ గది నీడలో, బయ్యారం దిక్కు తండా నుంచి వచ్చే ఒక ఆవిడ వేసవిలో తునికి పళ్లు అమ్మేది. ముప్పై ఏళ్లుంటాయి. కాళ్లకు ఎప్పుడూ ఎర్రమన్ను. నా దగ్గర మంచినీళ్లు అడిగి తాగేది. ఒకరోజు నాది ఏ ఊరని అడిగింది. నర్మెట్ట దిక్కని చెప్పాను.

"గాడ ఒక బాయి నాకెరుక తమ్మీ. వాగొడ్డుకుంటది. గిరక ఉన్నది సూడు, పందిని కోసినట్టు మొత్తుకుంటది."

ఆ గిరక మాది. బాపు దానికి ఎంత ఆముదం పోసినా అలాగే అరిచేది. ఆ బావి మాదని, మంచె మీద చచ్చిపోయింది మా అన్న అని చెప్పాను. ఆవిడ పళ్లగంప పక్కకు జరిపి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"కాయిదం రాసిన తమ్ముడివి నువ్వేనా?"

అవునన్నాను. ఏం జరిగిందో చెప్పమన్నాను. నాకు కావలసింది ఒక్కటే, దాన్ని సూటిగానే అడిగాను: మొదటి మూడు దెబ్బలు వాళ్లకు వినబడ్డాయా?

"వినబడలే," అంది.

మళ్లీ చెప్పమన్నాను.

"వినబడలే అంటున్న గద. మా దళంల ఒకాయన ఉండె, ఎవుసం చేసినోడే. ఏడాదాయె ఎడ్లను ముట్టక. మీ మోట సూసి సంబురపడ్డడు. ఎండెక్కింది, ఎడ్లను విడువు అంటె, 'ఇంకో నాలుగు మోటలు', 'ఇంకో నాలుగు' అనుకుంట తోలుతనే ఉన్నడు. గిరక మొత్తుకుంటున్నది. మొదటిది గట్ల పాయె."

"రెండోది?"

"రెండోది సుత వినబడలే. డోలీల ఆయనకు పుండు కడుగుతున్నం. ఆయన మొత్తుకునుడు, మేం ఆయన నోరు మూసుడు. అందరం ఆయన మీదనే ఉన్నం. ఇగ కట్టు కట్టినం, ఆయన ఊకున్నడు. ఎడ్లు ఎనకకొచ్చి నిలవడ్డయి, మోట మునుగుతున్నది. గప్పుడు వినబడె. మూడు. గా మూడే విన్నం మేము. డోలీ ఎత్తి వాగుల వడ్డం. గట్టెక్కేటప్పుడు తుపాకి మోగె."

డౌన్ బండి వేళ అవుతోంది. ఆవిడ నీళ్ల చెంబు నా చేతికి తిరిగిచ్చింది.

"నీ అన్న తుపాకి నా చేతికిచ్చి పోయిండు. 'మంచె మీద తుపాకి సూస్తె పిట్టలు నవ్వుతయి' అన్నడు. ఎవరో ఒకరు కావలి పోవాలంటె తనే లేసిండు. నేనన్న, గీ ఎండల పిట్టలుండయి గద అన్నా, కొడితె ఎరుక వడదా అని. 'ఎరుక వడతది. నడిపగటి యాళకు వేరే గుర్తు కావాలె. మా తమ్ముడు ఇంకా రాయలే' అని నవ్విండు. పోయిండు."

వాడికి తెలుసు. మంచె ఎక్కేముందే తెలుసు. ఆ వేళ మొదటి దెబ్బకే జాడ తెలిసిపోవచ్చని, ప్రతి దెబ్బా తన చోటును ఇంకాస్త స్పష్టంగా చెబుతుందని తెలిసీ నా నియమాన్ని చివరిదాకా పాటించాడు. కిందికి దిగకుండా రెండుసార్లు ఇరవై ఊపిర్లు ఆ మంచె మీద కూర్చున్నాడు. చుట్టూ జొన్న కదలడం వాడికి పైనుంచి కనబడే ఉంటుంది. వాడికంటే నేను ఎక్కువ చదివాను. ఆ ఊపిర్ల సంగతి మాత్రం నేను ఇప్పటికీ పూర్తిగా ఆలోచించలేను.

ఆ ఆదివారం ఊరికి పోయి అవ్వకూ బాపుకూ ఆవిడ చెప్పింది చెప్పాను. కాగితం సంగతీ, ఖాళీ వరుస సంగతీ మొదటిసారి చెప్పాను. అవ్వ చాట పక్కన పెట్టి విన్నది.

"మూడోసారికి వినబడ్డదా?"

"వినబడ్డదవ్వా."

"అందరు దాటిండ్రా?"

నేను అడగలేదు. అన్నీ లెక్కపెట్టేవాణ్ణి, అది అడగలేదు. మానుకోటకు తిరిగి పోయిన మర్నాడు ఆవిడ పళ్లగంప దించేదాకా ఎదురుచూసి అడిగాను. ఆవిడ వేళ్లు ముడుచుకుంటూ చెప్పింది, నేను నోటుబుక్కులో రాసుకున్నాను. డోలీలో పడుకున్నాయన ఒకడు. డోలీ మోసినవాళ్లు నలుగురు. ముందు నడిచినాయన ఒకడు. కట్టు కట్టినాయన ఒకడు. మోట తోలినాయన ఒకడు. తండా ఆడవాళ్లు ఇద్దరు.

"పది మందిమి," అంది.

"తండా ఆడోళ్లు ఇద్దరిల నువ్వున్నవా అక్కా?"

ఆవిడ ముడిచిన వేళ్ల వైపు చూసుకుంది. "లేను. నేను ఎనక తుపాకి వట్టుకొని వచ్చిన," అంది.

పది కొట్టివేసి రాశాను. వాగు దాటినవాళ్లు పదకొండు మంది.